కొండదారిలో ఫ్లై రాడ్డు మోయడానికి ఎలాంటి బ్యాగు కావాలి: ఆస్ప్రే టాలన్ 22తో మూడు వేసవులు

కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో గ్లేసియర్ గార్జ్ అనే చోట మొదలయ్యే కాలిబాట ద లాక్ అనే సరస్సుకు చేరడానికి సుమారు మూడు మైళ్లు పడుతుంది. దాన్ని దాటి స్కై పాండ్ దాకా వెళ్లి వెనక్కి వస్తే మొత్తం నడక తొమ్మిది మైళ్లకు తగ్గదు. బయలుదేరే చోటే సముద్రమట్టానికి 9,200 అడుగుల పైన ఉంటుంది, స్కై పాండ్ 10,900 అడుగుల ఎత్తున ఉంటుంది. ఈ దారిలో చేపల వేటకు వాడే ఫ్లై రాడ్డు తీసుకుని నేను చాలాసార్లు నడిచాను. ఎనిమిది గంటలు బయట గడిపిన రోజున నీటి ఒడ్డున గాలం వేస్తూ నిలబడేది రెండున్నర గంటలో, మూడు గంటలో మాత్రమే ఉంటుంది. మిగిలిన సమయమంతా బ్యాగు వీపు మీదే ఉంటుంది. ఈ చిన్న లెక్క తలకెక్కడానికి నేను రెండు బ్యాగులు కొని పక్కన పెట్టవలసి వచ్చింది. మూడవది ఆస్ప్రే కంపెనీ వారి టాలన్ 22, దానితో మూడు వేసవులు తిరిగాక ఈ సమీక్ష రాస్తున్నాను. చేపల వేట కోసం ప్రత్యేకంగా కుట్టిన బ్యాగు కాకుండా నడక కోసం కుట్టిన బ్యాగు కొని, దానిలో వేట సామాను సర్దుకోవడమే మేలన్నది నా అభిప్రాయం. అందుకు కారణాలను వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

ఫ్లై ఫిషింగ్ తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. మా కోనసీమ కాలువల్లో మా నాన్నగారు వెదురు కర్రకు దారం కట్టి, గాలానికి వానపాము గుచ్చి, బెండు మునిగేదాకా కదలకుండా కూర్చునేవారు. ఇది అలాంటి వేట కాదు. ఇక్కడ ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి పురుగులా కనిపించేట్టు తయారుచేసిన చిన్న గాలాన్ని ఫ్లై అంటారు. దానికి బరువే ఉండదు కాబట్టి దారపు బరువుతోనే దాన్ని గాలిలో ముందుకు విసరాలి. అందుకే దారం లావుగా ఉంటుంది, రాడ్డు పొడుగ్గా, సన్నగా, ఎక్కడైనా తగిలితే పుటుక్కున విరిగేంత సున్నితంగా ఉంటుంది. బ్యాగు ఎంపికలో వచ్చే చిక్కుల్లో సగం ఈ రాడ్డు పొడుగు వల్ల వచ్చేవే.

నా మొదటి బ్యాగు ఆఫీసుకు లాప్‌టాప్ మోయడానికి వాడినదే. దానికి నడుము పట్టీ లేదు, పక్క జేబులు నాలుగు అంగుళాల లోతు కూడా ఉండవు. ద లాక్ దాటాక టింబర్‌లైన్ జలపాతం పక్కన చేతులతో రాళ్లు పట్టుకుని ఎక్కవలసిన చోటొకటి ఉంది. అక్కడ రాళ్లు తడిగా ఉంటాయి, జూన్ నెలలో మంచు కూడా ఉంటుంది. రెండు చేతులూ రాతి మీద ఉండగా నేను ముందుకు వంగేసరికి, పక్క జేబులో నిలబెట్టిన రాడ్డు గొట్టం జారి, కింద ఎక్కుతున్నవారి పక్కగా దొర్లుకుంటూ పోయింది. ఎవరికీ తగలలేదు, గొట్టంలో ఉన్న రాడ్డుకు కూడా ఏమీ కాలేదు. కానీ ఆ గొట్టం ఎవరి తలకైనా తగిలి ఉంటే అన్న ఆలోచన నన్ను చాలాకాలం వదల్లేదు. రాడ్డును రెండు చోట్ల, కింద లోతైన జేబుతోనూ పైన బిగించే పట్టీతోనూ పట్టి ఉంచని బ్యాగును కొండకు తీసుకువెళ్లకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

రెండవది చేపల వేట కోసమే తయారైన బ్యాగు, నీటిలో ముంచినా లోపలికి చుక్క దిగని రకం. ఇలాంటివి ఇప్పుడు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. మంచివాటి ధర 300 డాలర్ల పైమాటే. పడవలో కూర్చుని వేటాడేవారికీ, నడుము లోతు నదిలో రోజంతా నిలబడేవారికీ అవి నిజంగా పనికివస్తాయి. కెమెరా తీసుకువెళ్లేవారికి ఇంకా అవసరం. నడకకు మాత్రం వాటిలో మూడు ఇబ్బందులు కనిపించాయి. రబ్బరు పూత వేసిన దళసరి గుడ్డ కావడంతో ఖాళీ బ్యాగే బరువుగా ఉంటుంది. వీపుకు అతుక్కునే వైపు గాలి ఆడదు కాబట్టి రెండో మైలుకే చొక్కా తడిసిపోతుంది. పది వేల అడుగుల ఎత్తున గాలి వీచే సరస్సు ఒడ్డున ఆగగానే ఆ తడి చొక్కా చలి పుట్టిస్తుంది. మూడవది నేను ముందుగా ఊహించనిది. నీటిని లోపలికి రానివ్వని సంచి బయటికీ పోనివ్వదు. తడిసిన చేతి వల, తడి సాక్సులు, రీలులో చుట్టుకున్న తడి దారం లోపల పెట్టి జిప్పు మూసేస్తే, ఇంటికి వచ్చేసరికి పొడిగా ఉండవలసిన ఉన్ని చొక్కా కూడా చెమ్మగిల్లి ఉండేది. రెండు రోజులు తెరవడం మరిచిపోతే ఇక వాసన సంగతి చెప్పనక్కరలేదు. నీరు దూరని జిప్పు బిగుతుగా ఉండడం, దానికి అప్పుడప్పుడు కందెన రాయవలసి రావడం కూడా చలికి వేళ్లు కొంకర్లు పోయిన వేళ చిన్న సంగతులుగా అనిపించవు.

మూడవసారి ఆన్‌లైన్‌లో కొనకుండా డెన్వర్ నగరంలోని ఆర్‌ఈఐ పెద్ద దుకాణానికి వెళ్లాను. 1938లో సియాటెల్‌లో కొండలెక్కేవారు కలిసి పెట్టుకున్న సహకార సంఘం అది. డెన్వర్‌లో వారి దుకాణం సౌత్ ప్లాట్ నది ఒడ్డున, ఒకప్పుడు ట్రామ్ కంపెనీకి విద్యుత్తు తయారుచేసిన పాత ఇటుక భవనంలో ఉంది. బయటికి వస్తే ఎదురుగా నదే. అక్కడికి నేను నా రాడ్డును గొట్టంతో సహా తీసుకువెళ్లాను, దానితో పాటు రీలు, రెండు ఫ్లైల డబ్బాలు, చేతి వల, వాన జాకెట్టు కూడా ఒక గుడ్డ సంచిలో వేసుకున్నాను. ఈ పని తప్పకుండా చేయమని ప్రతివారికీ చెబుతాను. దుకాణంలో వేలాడుతున్న ఖాళీ బ్యాగు అందరికీ బాగానే అమరుతుంది. అందులో మన సామాను పడుతుందా, పడ్డాక వీపు మీద ఎలా నిలుస్తుంది అన్నది సామాను వేస్తేనే తెలుస్తుంది. అక్కడ బరువు కోసం ఇసుక సంచుల్లాంటివి ఇస్తారు, అవి వేసుకుని దుకాణంలోని మెట్లు ఎక్కి దిగవచ్చు. సంఘ సభ్యులైతే కొన్న ఏడాదిలోగా నచ్చలేదని తిరిగి ఇచ్చే వీలు కూడా ఉంది.

అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ ముందుగా నా వీపు కొలిచారు. తల వంచితే మెడ కింద వేలికి తగిలే ఎముక బొడిపె నుంచి, చేతులు నడుము మీద పెట్టుకున్నప్పుడు బొటనవేళ్లు రెండూ కలిసే గీత దాకా ఎన్ని అంగుళాలో చూస్తారు. మనిషి ఎత్తుకూ ఈ కొలతకూ నేరుగా సంబంధం ఉండదు. నేను అయిదడుగుల ఆరంగుళాల మనిషిని. నాకంటే నాలుగంగుళాలు పొడుగున్న మా తమ్ముడి వీపు కొలతా నాదీ దాదాపు ఒక్కటే, అతని పొడుగంతా కాళ్లలో ఉంది. ఈ కొలత కుదరకపోతే నడుము పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోకుండా పొట్ట మీదికి ఎక్కుతుంది, అప్పుడు బరువంతా భుజాల మీదే పడుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో భుజమే పనిముట్టు. మూడు మైళ్లు ఎక్కి వచ్చేసరికి భుజం పట్టేసి ఉంటే, ఆ తర్వాత ఎంత మంచి రాడ్డయినా దారం తిన్నగా పడదు. బ్యాగు అమరికకూ వేటకూ ఉన్న ఈ సంబంధాన్ని ఆవిడ చెప్పేదాకా నేను ఆలోచించలేదు.

టాలన్ 22 రెండు కొలతల్లో దొరుకుతుంది, ఇప్పటి మోడల్లో భుజాల పట్టీని వెనకవైపు పైకీ కిందికీ జరిపి మరికొంత సరిచేసుకోవచ్చు. పేరులోని అంకె లీటర్లలో దాని పరిమాణాన్ని చెబుతుంది. ఖాళీ బ్యాగు బరువు కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. ధర 150 నుంచి 180 డాలర్ల మధ్య ఉంటుంది, పాత రంగులు తీసేసే సమయంలో ఇంకా తగ్గుతుంది. ఆస్ప్రే 1974లో కాలిఫోర్నియాలో మొదలై తరువాత కొలరాడోలోని కోర్టెజ్ అనే ఊరికి తరలిన కంపెనీ. చిరిగిన బ్యాగులను బాగుచేసి ఇస్తామన్న హామీ వారికి చాలాకాలంగా ఉంది. ఆ హామీతో నాకు ఇంతవరకు పని పడలేదు.

ఇక రాడ్డు సంగతి. తొమ్మిదడుగుల రాడ్డు అంటే 108 అంగుళాలు. నాలుగు ముక్కలుగా విడదీస్తే ఒక్కొక్కటి 27 అంగుళాలు, ఒకదానిలో ఒకటి దూరే భాగం కలుపుకుంటే ఇంకొంచెం ఎక్కువ. దాన్ని పెట్టే గొట్టం 30 అంగుళాలు దాటుతుంది. టాలన్ ఎత్తు 21 అంగుళాల దగ్గర ఉంటుంది కాబట్టి గొట్టం లోపల పట్టదు, పక్కనే నిలబెట్టాలి. రెండు పక్కలా సాగే వల జేబులు లోతుగా ఉన్నాయి, వాటి పైన బిగించే పట్టీలు ఉన్నాయి. గొట్టం అడుగు భాగం జేబులో దిగి, దాని మధ్యన పక్క పట్టీ బిగిస్తే వంగినా, గెంతినా కదలదు. టింబర్‌లైన్ జలపాతం పక్కన అదే రాళ్ల మీద ఈ బ్యాగుతో నాలుగుసార్లు ఎక్కాను, గొట్టం ఒక్క అంగుళం జారలేదు. బ్యాగు పైన తొమ్మిది పది అంగుళాలు పొడుచుకు వస్తుంది కనుక కొమ్మల కింద దూరేటప్పుడు మాత్రం తలతో పాటు నడుము కూడా వంచాలి. ఇది రెండు మూడు నడకల్లో అలవాటవుతుంది.

ఏ పక్కన పెట్టాలన్న దానికి కూడా ఒక జవాబుంది. ఈ బ్యాగుకు ఎడమ భుజం పట్టీ మీద ఒక ఉచ్చు, ఎడమ పక్క కింద మరో ఉచ్చు ఉన్నాయి. బ్యాగు దించకుండానే చేతికర్రలను వాటిలో దోపి చంక కింద ఉంచుకోవచ్చు. దారిలో చిన్న వాగు కనిపించి ఆగినప్పుడు ఇది ఎంత సుఖమో వాడినవారికే తెలుస్తుంది. అందువల్ల ఎడమవైపు కర్రలకు వదిలి గొట్టాన్ని కుడివైపు పెడతాను. మొదట్లో సమతూకం కోసం రెండో పక్క లీటరు నీళ్ల సీసా పెట్టేవాణ్ణి. పొద్దున్న బాగానే ఉండేది, నీళ్లు తాగేకొద్దీ ఆ పక్క తేలికై మధ్యాహ్నానికి బ్యాగు ఒక పక్కకు లాగేది. ఇప్పుడు నీళ్లను తాగడానికి సన్న గొట్టం ఉన్న మెత్తని తిత్తిలో నింపి, వీపుకూ బ్యాగుకూ మధ్య దాని కోసమే ఇచ్చిన అరలో పెడుతున్నాను. అతి బరువైన వస్తువు వెన్నుకు దగ్గరగా, నడిమధ్యన ఉంటే కొండదారిలో అడుగు తడబడదు. తాగినా బరువు పక్కలకు మారదు.

రాడ్డు కన్నా దాని గొట్టమే బరువన్న సంగతి కూడా చెప్పాలి. అయిదో నంబరు దారానికి (దారం బరువును బట్టి ఇచ్చే అంకె ఇది) సరిపడే మంచి గ్రాఫైట్ రాడ్డు బరువు 100 గ్రాములు కూడా ఉండదు, దానితో ఇచ్చే అల్యూమినియం గొట్టం దానికి ఎన్నో రెట్లు తూగుతుంది. కొందరు ఆ గొట్టం ఇంట్లో వదిలి రాడ్డును గుడ్డ సంచితోనే తెస్తారు. నేను ఆ సలహా ఇవ్వను. బ్యాగు రాతికి ఆనించి కూర్చున్నప్పుడు, కారు డిక్కీ మూసేటప్పుడు రాడ్లు విరుగుతాయి, నీళ్లలో కాదు. పలుచని ప్లాస్టిక్ గొట్టానికి రెండు పక్కలా మూతలు పెట్టి, లోపల మెత్తని గుడ్డ వేసి వాడుతున్నాను. బరువు సగానికి తగ్గింది, రాడ్డుకు రక్షణ తగ్గలేదు.

రాడ్డు బయట పెట్టడమే ఇష్టం లేనివారికి మరో రెండు దారులున్నాయి. ఏడు ముక్కల రాడ్డయితే ఒక్కో ముక్క 17 అంగుళాలకు మించదు, అది టాలన్ లోపల నిలువుగా పడుతుంది. కీళ్లు ఎక్కువైనకొద్దీ రాడ్డు వంపులో కాస్త తేడా వస్తుందని అంటారు, కొండ సరస్సుల దగ్గర వేసే ముప్ఫై నలభై అడుగుల దూరానికి అది నాకు అడ్డు కాలేదు. రెండవది జపాన్ కొండవాగుల్లో పుట్టిన టెంకారా పద్ధతి. దానికి రీలే ఉండదు, రాడ్డు గొడుగు కర్రలా ఒకదానిలోకి ఒకటి దిగి 20 అంగుళాల దాకా కుదించుకుపోతుంది, లాగితే పన్నెండడుగులు అవుతుంది. ఇరుకైన వాగులకు దానికి మించింది లేదు. గాలి వీచే విశాలమైన సరస్సు మధ్యకు ఫ్లై చేరాలంటే మాత్రం రీలు, దారం ఉన్న రాడ్డే కావాలి.

ఒక రోజు నడకకు నేను మోసేది ఇంతే: రెండు లీటర్ల నీళ్లు, తిండి, వాన జాకెట్టు, ఉన్ని చొక్కా, తలకు పెట్టుకునే లైటు, ప్రథమ చికిత్స సామాను, వేట సామానులో రాడ్డు, రీలు, రెండు ఫ్లైల డబ్బాలు, సన్న దారపు ఉండలు, దారం కత్తిరించే నిప్పర్, గాలం ఊడదీసే ఫోర్సెప్స్, చేతి వల. అన్నీ కలిపి ఆరేడు కిలోలు. 22 లీటర్లకు ఇది సరిగ్గా సరిపోతుంది, ఇంకొక్క దళసరి కోటు పెడితే జిప్పు బిగుతవుతుంది. మొదట్లో నేను ఆరు డబ్బాలు మోసేవాణ్ణి. కొండ సరస్సులో చేపకు తిండి దొరికే కాలం చాలా తక్కువ, గాలికి కొట్టుకువచ్చి నీటి మీద పడే చీమలనూ పురుగులనూ అది పెద్దగా ఎంచకుండా తింటుంది. నల్ల చీమ, పెంకు పురుగు, పారాచూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్, నీటి అడుగుకు దిగే ఫెజెంట్ టెయిల్ అనే రకాల ఫ్లైలు ఉంటే వేసవి గడిచిపోతుంది. బ్యాగు చాలడం లేదని పెద్దది కొనాలనుకునేవారు ముందుగా డబ్బాల్లో ఏవి ఏడాదిగా నీరు తాకలేదో చూసుకోవడం మంచిది.

చేపల వేట బ్యాగుల్లో ఉండే సౌకర్యాలు, అంటే ఛాతీ మీద తెరుచుకునే చిన్న బల్ల, పనిముట్లు వేలాడదీసే కొక్కేలు, ఫ్లైలు గుచ్చే నురుగు ముక్క, టాలన్‌లో ఉండవు. వీటి లోటు తీర్చడానికి అరచేతి పుస్తకమంత ఛాతీ సంచి ఒకటి బ్యాగులోనే వేసుకుంటాను. సరస్సు చేరగానే దాన్ని మెడలో వేసుకుని, అందులో ఒక డబ్బా, దారం, నిప్పర్, ఫోర్సెప్స్ పెట్టుకుని, పెద్ద బ్యాగును ఒడ్డున రాతి మీద దించేస్తాను. నీటి దగ్గర అయిదు కిలోలు తక్కువగా నిలబడితే అడుగు చప్పుడు తగ్గుతుంది, ఒడ్డు వెంబడే తిరిగే కట్‌త్రోట్ ట్రౌట్ అనే చేప బెదిరిపోకుండా ఉంటుంది. ఒడ్డున వదిలిన బ్యాగును కనుచూపు మేరలోనే ఉంచాలి. పెద్ద ఉడతల్లాంటి కొండ జంతువులైన మార్మోట్లకు ఉప్పంటే ప్రాణం, చెమట ఇంకిన భుజం పట్టీలను అవి కొరుకుతాయి. నాతో వచ్చిన ఒక మిత్రుడి బ్యాగు పట్టీ అరగంటలో దారాలు తేలింది. తిండి వాసన పట్టిన ఉడతలు జిప్పు పక్కన రంధ్రం చేయడం కూడా చూశాను.

చేతి వల ఎక్కడ పెట్టాలన్నది చాలామంది అడుగుతారు. మెడ వెనక అయస్కాంతపు కొక్కేనికి వేలాడదీయడం అలవాటు, నదిలో అది బాగానే ఉంటుంది. అడవి దారిలో మాత్రం వల కొమ్మకు తగులుకుని, సాగే తాడు బిగిసి, వదిలాక వచ్చి వీపుకు గట్టిగా తగులుతుంది. టాలన్ వెనక ఐస్ గొడ్డలి కోసం ఇచ్చిన ఉచ్చులో వల పిడి దోపి, పైన ఉన్న సాగే తాడుతో చట్రాన్ని కట్టేస్తే అది బ్యాగుకు అతుక్కుని ఉంటుంది. తడి వల ఆరడానికి కూడా అదే మంచి చోటు.

సాగే వల జేబులున్న ఏ బ్యాగుకైనా ఫ్లైల వల్ల ఒక ముప్పు ఉంది. టోపీకో చొక్కాకో గుచ్చుకున్న గాలం ఆ వలకు తగిలితే దారాలు లాగేస్తుంది. ఈ పార్కులో పట్టిన చేపను తిరిగి వదిలేయవలసిన చోట్ల ముల్లు లేని గాలాలే వాడాలన్నది నియమం, ముల్లు లేని గాలం వలలోంచి కూడా తేలిగ్గా వస్తుంది. ఆ నియమం ఎందుకో తెలిస్తే పాటించడం భారంగా అనిపించదు. గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ 1994 నుంచి కొలరాడో రాష్ట్ర చేప. చాలా చోట్ల కాపాడుకొచ్చామనుకున్న చేపలు నిజమైన గ్రీన్‌బ్యాక్‌లు కావనీ, అసలు జాతి కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర బేర్ క్రీక్ అనే ఒక్క వాగులోనే మిగిలిందనీ 2012లో జన్యు పరీక్షల్లో తేలింది. ఇన్ని తరాలు నిలిచిన చేపను చేతిలోకి తీసుకున్నప్పుడు అర నిమిషంలో గాలం ఊడదీసి నీటిలో వదలగలగాలి, అందుకు ఫోర్సెప్స్ ఎక్కడ ఉన్నాయో వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. నేను వాటిని ఎప్పుడూ ఛాతీ సంచి కుడి అంచుకే తగిలిస్తాను. చేపల వేట లైసెన్సు కాగితం, కారు తాళం నడుము పట్టీకి ఉన్న జిప్పు జేబులో ఉంటాయి.

వాన విషయంలో టాలన్ కొనేవారు ఒక సంగతి తెలుసుకోవాలి: దానితో వాన తొడుగు రాదు, గుడ్డ చిన్న జల్లును మాత్రమే ఆపుతుంది. ఇదే కంపెనీ స్ట్రాటోస్ 24కు తొడుగు లోపలే అమర్చి ఉంటుంది, వీపు వైపు వల బిగించి గాలి ఆడే ఖాళీ కూడా ఉంటుంది. అది కొంచెం బరువు ఎక్కువ. వీపుకు చెమట బాగా పట్టేవారికి అదే మంచిదని నా ఉద్దేశం. నేను టాలన్‌నే ఎంచుకోవడానికి కారణం, ఆ ఖాళీ వల్ల బరువు వెన్ను నుంచి కాస్త వెనక్కి జరగడం, రాళ్లు ఎక్కేటప్పుడు ఆ తేడా తెలియడం. కొలరాడో వేసవిలో మధ్యాహ్నం కాగానే ఉరుములు, మెరుపులతో వాన రావడం మామూలే, అందుకే చీకటితో బయలుదేరి పదకొండు, పన్నెండు గంటలకల్లా చెట్లు లేని ఎత్తుల నుంచి దిగిపోవాలి. బ్యాగు లోపల దళసరి చెత్త సంచి ఒకటి పరిచి, పొడిగా ఉండవలసినవన్నీ అందులో వేసి మూతి మెలిపెడితే, రెండు డాలర్లు కూడా కాని ఆ సంచి గంటసేపు కురిసిన వానలో ఉన్ని చొక్కాను కాపాడింది. తడి సామాను ఆ సంచి బయట ఉంటుంది, రెండూ కలవవు. ఖరీదైన బ్యాగు తీర్చలేని సమస్య ఇలా తీరింది.

నీటిలో దిగడానికి వేసుకునే వేడర్లు, బరువైన బూట్లు మోయాలనుకునేవారికి 22 లీటర్లు చాలవు. ఆ రెండూ కలిపి రెండు కిలోలు దాటతాయి, సగం బ్యాగును ఆక్రమిస్తాయి. ఇదే వరుసలో 33 లీటర్లది ఉంది, అది చూడవచ్చు. నా మట్టుకు జూలై, ఆగస్టు నెలల్లో రెండు మైళ్లు మించిన నడకకు వేడర్లు తీసుకువెళ్లడం మానేశాను; కొండ సరస్సుల్లో చేపలు ఒడ్డుకు దగ్గరగా తిరుగుతాయి కాబట్టి గట్టు మీద నుంచే వేయవచ్చు. వాగు దాటవలసి వచ్చి నీటి ఉరవడి గట్టిగా ఉంటే, దిగే ముందే నడుము పట్టీ, ఛాతీ పట్టీ రెండూ విప్పేయాలి. పడిపోతే బ్యాగును వదిలించుకుని లేవగలగాలి, బిగించిన పట్టీ మనిషిని నీటి కింద పట్టి ఉంచుతుంది. ఏ బ్యాగు కొన్నా ఆ బకిళ్లు తడి చేతితో, ఒక్క చేత్తో ఊడతాయో లేదో దుకాణంలోనే చూసుకోవాలి.

ఇంటికి వచ్చాక బ్యాగును కూడా బూట్లలాగే కడిగి ఎండబెట్టాలి. ట్రౌట్ పిల్లల వెన్నెముకను వంకర చేసే వర్లింగ్ వ్యాధి క్రిములు బురదలో ఒక నది నుంచి మరో నదికి వెళతాయి. నీటి చెమ్మను పట్టి ఉంచే ఫెల్టు అడుగు బూట్లను ఎల్లోస్టోన్ పార్కు 2018 నుంచి నిషేధించింది ఇలాంటి భయంతోనే. ఒడ్డున దించిన బ్యాగు అడుగున కూడా ఆ బురదే అంటుకుంటుంది. టాలన్ పలుచని గుడ్డ కావడం ఇక్కడ కలిసివచ్చింది, జేబులు బోర్లించి నీడలో వేలాడదీస్తే సాయంత్రానికి ఆరిపోతుంది.

హైదరాబాదు నుంచి హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకు వెళ్లి బ్రౌన్ ట్రౌట్‌కు గాలం వేయాలనుకునే మిత్రులు ఈ మధ్య నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు పక్కనే ప్రవహించే ఆ నదిలో వేటకు రాష్ట్ర మత్స్యశాఖ అనుమతి కావాలి, చలికాలంలో చేప గుడ్లు పెట్టే నెలల్లో వేట నిషేధం. విమానంలో వెళ్లేవారికి ఏడు ముక్కల రాడ్డే సరైనది. మన దేశపు విమానాల్లో చేతి సామానుకు మామూలుగా ఉండే 55 సెంటీమీటర్ల హద్దును నాలుగు ముక్కల రాడ్డు గొట్టం దాటిపోతుంది. ఫ్లైలు, నిప్పర్ ఎలాగూ చెక్-ఇన్ సామానులోనే వేయాలి. ఆస్ప్రే కొనడం భారమనుకుంటే డెకాత్లాన్ దుకాణాల్లో క్వెచువా పేరుతో అమ్మే 20 నుంచి 30 లీటర్ల నడక బ్యాగులు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. అక్కడికి కూడా రాడ్డు తీసుకువెళ్లి, పక్క జేబు లోతు, పైన బిగించే పట్టీ, నడుము పట్టీ తుంటి ఎముక మీద కూర్చోవడం, ఈ మూడూ చూసుకుంటే చాలు.

మా ఆవిడ నాతో రావడం మొదలుపెట్టాక ఆమెకు ఇదే బ్యాగు ఆడవారి కొలతల్లో కుట్టిన టెంపెస్ట్ 20 తీసుకున్నాం. భుజం పట్టీల వంపు, నడుము పట్టీ కోణం వేరుగా ఉండడం వల్ల నా బ్యాగు వేసుకున్నప్పుడు మెడ దగ్గర ఒరుసుకున్న చోట ఇప్పుడు ఆమెకు ఇబ్బంది లేదు.

కారు ఆపిన చోటి నుంచి వంద గజాల్లో వేటాడేవారికి టాలన్ అక్కరలేదు, భుజాన వేసుకునే చిన్న సంచి చాలు. రాత్రి గుడారంలో ఉండాలనుకునేవారికి కూడా ఇది పనికిరాదు. ఈ పార్కులో చెట్లున్న ఎత్తుల్లో బస చేసేవారు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తిండిని ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో ఉంచాలి. ఆ డబ్బా ఒక్కటీ పెడితే ఈ బ్యాగులో ఉన్ని చొక్కాకు కూడా చోటు మిగలదు. అలాంటి ప్రయాణానికి నేను యాభై లీటర్ల బ్యాగు అద్దెకు తీసుకుంటున్నాను.